జిరాఫీల ఇంట్లో పెళ్లి ఫొటో

దమయంతికి యాభై నాలుగేళ్ల వయసులో రెండోసారి పెళ్లి కుదిరింది. కుదిర్చిన పెద్దలెవరూ లేరు. ఆమే కుదుర్చుకుంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఆమె పాతికేళ్లకు పైగా ఉంటోంది. భర్త లక్ష్మీపతి కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. కూతురు దేదీప్య చదువు పూర్తిచేసి జెర్సీ సిటీలో ఉద్యోగంలో చేరాక, ఆ ఇంట్లో దమయంతి ఒక్కతే మిగిలింది. పగలు ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చునేది. షుగరు పెరుగుతోంది, రోజూ నడవమని డాక్టరు చెప్పినప్పుడు దేదీప్య తల్లి పేరున జూకి మెంబర్‌షిప్ తీసుకుంది.

"మాల్‌లో నడిస్తే నువ్వు షాపింగ్ చేస్తావు అమ్మా. జూలో ఏమీ కొనలేవు కదా" అంది.

మొదట కూతురి మాట కోసం వెళ్లింది. తర్వాత అలవాటైంది. ఆ జూ ఇంటికి అరగంట దూరం. చలికాలంలో జనం ఉండరు. మంచు తీసేసిన బాటలు, దూరంగా ఏదో జంతువు అరుపు, ఎవరూ పలకరించని ప్రశాంతత ఆమెకు నచ్చాయి.

ఒక మార్చి ఉదయం కొలను మీది చిన్న వంతెన దగ్గర ఆమె ఆగిపోవాల్సి వచ్చింది. బూడిదరంగు పెద్ద బాతొకటి వంతెనకు అడ్డంగా నిలబడి ఉంది. మిషిగన్‌లో ఈ బాతులు ఎవరికీ భయపడవు. గూళ్లు కట్టే కాలంలో మనుషుల మీదికి కూడా వస్తాయి. వంతెన అవతల ఆకుపచ్చ చొక్కా వేసుకున్న వాలంటీరు ఒకాయన వంగి, దానితో మెల్లగా మాట్లాడుతున్నాడు.

"జర పక్కకు జరుగు. మేడమ్ పోవాలె. నీకు పుణ్యముంటది."

దమయంతికి నవ్వు ఆగలేదు. "దానికి తెలుగు అర్థమవుతుందంటారా?" అని అడిగింది.

ఆయన తలెత్తి చూశాడు. "ఇంగ్లీష్‌ల చెప్పి చూసిన. ఇనలే" అన్నాడు.

ఆయన పేరు రఘువీర్. ఊరు వరంగల్. సీటు బెల్టులు పరీక్షించే కంపెనీలో చాలాకాలం చేసి రిటైరయ్యాడు. చిన్నతనంలో అయిన పెళ్లి ఎక్కువకాలం నిలవలేదు, పిల్లలు లేరు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక జూలో వాలంటీరుగా చేరి, బడిపిల్లలకు జంతువుల సంగతులు చెబుతుంటాడు. ఆ రోజు బాతు కదలలేదు. ఇద్దరూ వేరే దారిన చుట్టూ తిరిగి నడిచారు.

అలా ఏడాదికి పైగా నడిచారు. దమయంతి ఆయనకు లక్ష్మీపతి గురించి చాలా చెప్పింది. ఆయన వినేవాడు. ఓదార్చేవాడు కాదు, మాట మార్చేవాడూ కాదు. పోయిన మనిషి పేరు అంత తేలిగ్గా ఎత్తగలిగిన చోటు ఆమెకు అంతకుముందు దొరకలేదు. ఒక రోజు నడక మధ్యలో ఆయన, "దమయంతిగారూ, మనం పెండ్లి చేసుకుంటే ఎట్లుంటది?" అని అడిగి, ఆమె ఇంకా నోరు తెరవకముందే, "వద్దనుకున్నా సరే, నడక మాత్రం బంద్ చేయొద్దు" అన్నాడు.

ఆమె బాగా ఆలోచించుకుని సరేనంది.

దేదీప్యకు ఫోన్‌లో చెప్పింది. దేదీప్య వెంటనే, "అంకుల్ కుక్ చేస్తారా?" అని అడిగింది.

"చేస్తారు. పప్పుచారు నాకంటే బాగా పెడతారు."

"ఓకే. అయితే వెడ్డింగ్ నేను ప్లాన్ చేస్తాను."

కోర్టుకెళ్లి సంతకాలు పెడితే చాలుగదా అని దమయంతి అంటూనే ఉంది. దేదీప్య వినిపించుకోలేదు. జూలో పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పాత రాతి హాలు ఒకటుంది. ముందు కొలను, వెనక పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, ఆ కిటికీల్లోంచి చూస్తే జిరాఫీలు తిరిగే మైదానం. "మీరు కలిసింది అక్కడే. ఇంక వేరే ప్లేస్ ఎందుకు?" అంది దేదీప్య. అక్టోబరు మొదటి శనివారం ఉదయానికి బుక్ చేసింది.

హాలు చూసే మేగన్ అనే అమెరికన్ అమ్మాయి వాళ్లను కూర్చోబెట్టి నిబంధనలు చెప్పింది. బెలూన్లు కూడదు. బయట స్పీకర్లు పెట్టకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. జంతువుల ఇళ్లలో ఫ్లాష్ వాడకూడదు. పచ్చికలో తిండి వస్తువేదీ చల్లకూడదు, నెమళ్లు విడిగా తిరుగుతుంటాయి, అన్నీ తింటాయి. తలంబ్రాలంటే ఏమిటో రఘువీర్ ఆమెకు వివరించాడు. పసుపు కలిపిన బియ్యం అనగానే మేగన్ కాసేపు ఆలోచించింది. హాలు లోపల పోసుకుని, తలుపు తీయకముందే ఊడ్చేస్తే అభ్యంతరం లేదంది. హోమం బయట రాతి అరుగు మీద, చిన్న గుండంలో. పక్కన జూ మనిషొకడు మంటలార్పే సిలిండర్‌తో నిలబడతాడు.

పురోహితుణ్ని అడగడానికి దమయంతి చాలా భయపడింది. తన సంగతంతా చెప్పి, ఆయన ఏమంటాడోనని ఎదురుచూస్తూ కూర్చుంది. ఆయన క్యాలెండర్ తిప్పి, "తొమ్మిదింటి ముహూర్తం బాగుందమ్మా. జూలో పార్కింగ్ ఎక్కడ చేసుకోవాలి?" అని అడిగాడు.

అన్నీ ఇలా సాఫీగా జరిగిపోతుంటే, ఫొటోల దగ్గర మాత్రం దమయంతి మొండికేసింది.

"ఫొటోగ్రాఫర్ వద్దు. ఈ వయసులో నాకు ఫొటోలేమిటి?"

"అమ్మా, పెళ్లికి ఫొటోలు లేకుండా ఎలా?"

"మాకు గుర్తుంటే చాలు."

దేదీప్య అప్పటికే జితేందర్‌తో మాట్లాడేసింది. జితేందర్‌ది ఖమ్మం. నోవైలో ఐటీ ఉద్యోగం వదిలేసి పెళ్లి ఫొటోలే వృత్తిగా పెట్టుకున్నవాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నీ అతనే తీస్తాడు. జూలో పెళ్లి అనగానే అతని ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. డ్రోన్ లేదన్నారు, సరే. ఫ్లాష్ లేదన్నారు, సరే. వధూవరుల వెనక కిటికీలో జిరాఫీలు నడుస్తుండగా తాళి కట్టే ఫొటో ఒక్కటి దొరికితే చాలన్నాడు.

కూతురి పోరు పడలేక, ఆగస్టులో ఒక ఉదయం దమయంతి పరీక్షకన్నట్టు ఫొటోలకు ఒప్పుకుంది. దేదీప్య ఆ వారాంతం జెర్సీ సిటీ నుంచి వచ్చింది. జితేందర్ వాళ్లను ఫ్లెమింగోల ముందు, ఏనుగు బొమ్మ ముందు, పూలతోట ముందు నిలబెట్టాడు. రఘువీర్ ఎక్కడ నిలబెడితే అక్కడ నవ్వుతూ నిలబడ్డాడు. దమయంతి మాత్రం కొంగు సర్దుకుంటూ, పక్కచూపులు చూస్తూ ఉంది. దూరంగా ఎవరో భారతీయ కుటుంబం కనిపిస్తే చాలు, రఘువీర్ పక్కనుంచి రెండడుగులు జరిగేది.

జితేందర్ కెమెరా తెర మీద ఫొటోలు చూపించాడు. "ఆంటీ, ఏమనుకోవద్దు. అన్నింట్లో మీరు బస్సు మిస్సవుతున్నట్టు ఉన్నారు" అన్నాడు.

రఘువీర్ గట్టిగా నవ్వాడు. దమయంతి నవ్వలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక దేదీప్య వంటింట్లో తల్లి పక్కన నిలబడి అడిగింది. "నువ్వు ఎందుకు హైడ్ అవుతున్నావు? అంకుల్ ఫీల్ అవరా?"

దమయంతి చాలాసేపు గిన్నె కడుగుతూనే ఉంది. "ఫొటోలు ఎక్కడికైనా పోతాయి. మీ సుబ్బులత్త చూస్తుంది" అంది చివరికి.

సుబ్బులు లక్ష్మీపతికి అక్క. భర్త కోటేశ్వరరావుతో న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉంటుంది. లక్ష్మీపతి పోయినప్పుడు ఆమె తన ఇల్లు వదిలేసి వచ్చి, చలికాలమంతా ఇక్కడే ఉండిపోయింది. దమయంతి మంచం దిగని రోజుల్లో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. కాలేజీ మానేస్తానన్న దేదీప్యను తిట్టి పంపింది. తమ్ముడు పోయిన దుఃఖం ఆమెకూ ఉంది, కానీ దాన్ని వీళ్ల ముందు పెద్దగా బయటపెట్టలేదు. వేరే ఎవరేమనుకున్నా దమయంతి తట్టుకోగలదు. ఆ మనిషికి ఈ మాట చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.

"అత్తకి ఇంకా చెప్పలేదా?" దేదీప్య కళ్లు పెద్దవి చేసింది. "అమ్మా, ఫొటో చూసి తెలిస్తే ఇంకా బ్యాడ్. నువ్వే చెప్పాలి."

"ఏమని చెప్పను?"

"నాకు చెప్పావు కదా. అలాగే."

మర్నాడు కూతురు విమానం ఎక్కాక దమయంతి ఫోన్ తీసింది. పిస్కాటవే వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. "వదినా, నీకొక మాట చెప్పాలి. కాస్త అది ఆపు" అంది. మిక్సీ ఆగింది. దమయంతి ఊపిరి తీసుకోకుండా రఘువీర్ ఎవరో, ఎలా కలిశాడో, ఏం నిర్ణయించుకున్నారో మొత్తం చెప్పేసింది.

సుబ్బులు అంతా విని, "పెళ్లి ఎక్కడ?" అని అడిగింది.

"ఇక్కడే. జూలో."

"జూలోనా? జూలో పెళ్లేమిటే? ఊళ్లో అంత పెద్ద గుడి పెట్టుకుని కోతుల మధ్య పెళ్లేమిటి?"

వయసు గురించి, లోకం గురించి, పోయిన తమ్ముడి గురించి ఏమడిగినా దమయంతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కోతుల సంగతి మాత్రం ఆమె అనుకోలేదు. "కోతులు అటువైపు ఉండవు వదినా. మాది కొలను పక్కన హాలు" అంది బేలగా.

"సరే" అని సుబ్బులు ఫోన్ పెట్టేసింది.

తర్వాత రోజులు గడిచాయి, ఫోన్ రాలేదు. దమయంతి నడకకు వెళ్లినా మాట్లాడకుండా నడిచేది. రఘువీర్ ఒకసారి, "కావాల్నంటే నేను పోయి ఆమెతోని మాట్లాడి వస్త. జెర్సీ ఎంత దూరం" అన్నాడు. దమయంతి వద్దంది. "ఆమెకు టైమ్ కావాలేమో. ఇద్దాం" అంది. పెళ్లి వాయిదా వేద్దామన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. తనకు వాయిదా వేయాలని లేదన్న సంగతి ఆ క్షణంలోనే ఆమెకు స్పష్టంగా తెలిసింది.

ఒక ఆదివారం సుబ్బులే ఫోన్ చేసింది.

"ఏడ్చాను" అంది, పలకరింపు లేకుండా. "వాడు గుర్తొచ్చి ఏడ్చాను. నీ మీద కోపమొచ్చి ఏడ్చాను. మీ అన్నయ్యగారు అన్నం వండుకుని తిన్నారు రెండు రోజులు. తర్వాత, వాడుంటే ఏమనేవాడా అని ఆలోచించాను. నాకు తెలియలేదు. వాడితో కాపురం చేసింది నువ్వు. వాడేమంటాడో నీకు తెలియాలి గాని నాకెట్లా తెలుస్తుంది?"

దమయంతి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా? ఏడవకు. నా ఏడుపు అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టించకు. మేం కారులో వస్తాం. విమానంలో అయితే సున్నుండలు చితికిపోతాయి. ఇంతకీ నిన్ను పెళ్లికూతుర్ని చేసేదెవరు? ఎవరినైనా పెట్టుకున్నావా?"

"లేదు వదినా."

"మరి ఆ మాట ముందే చెప్పొద్దా" అని సుబ్బులు విసుక్కుంది.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నానికే కోటేశ్వరరావు కారు నోవై చేరింది. దిగగానే సుబ్బులు, ఎదురొచ్చిన రఘువీర్‌ను పైనుంచి కిందికి చూసింది. ఆయన చేతులు జోడించి, "నమస్తే అక్కయ్యగారూ, ప్రయాణం మంచిగైందా?" అన్నాడు.

"అయింది. మీకు షుగరుందా?"

"లేదండి."

"దీనికుంది. ఇంట్లో స్వీట్లు కనపడనివ్వకండి" అని, సున్నుండల డబ్బా ఆయన చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లింది.

తెల్లవారేసరికి చలి దిగింది. అక్టోబరులో మిషిగన్ అంతే, ముందురోజు ఎండ కాసినా నమ్మడానికి లేదు. చెట్ల ఆకులు ఎర్రగా, పసుపుగా మెరుస్తున్నాయి గాని, బయట నిలబడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. హాలు పక్క గదిలో సుబ్బులు దమయంతిని కూర్చోబెట్టి తల దువ్వింది. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన మల్లెచెండు జడలో తురిమింది. కాటుక, బొట్టు పెట్టింది. బుగ్గన చుక్క పెడుతుండగా దమయంతి, "వదినా, నువ్వు నాకు..." అని ఏదో చెప్పబోయింది.

"మాట్లాడకు. చుక్క వంకరపోతుంది" అంది సుబ్బులు. తలుపు దగ్గర నిలబడి ఉన్న జితేందర్ కెమెరా ఎత్తాడు. దమయంతి చూసింది. మొహం తిప్పుకోలేదు.

ఇంతలో మేగన్ వచ్చి చావుకబురు చెప్పినట్టు మొహం పెట్టి చెప్పింది. ఇంత చలిలో జిరాఫీలను బయటికి వదలరట. మధ్యాహ్నం దాకా లోపలే ఉంటాయట. జితేందర్ కిటికీ దగ్గరికి వెళ్లి ఖాళీ మైదానాన్ని చూశాడు. "నా బ్యాక్‌గ్రౌండ్ మొత్తం పోయింది" అన్నాడు నీరసంగా.

"నీ బ్యాక్‌గ్రౌండ్‌కి జలుబు చేస్తది బిడ్డా. ఉండనియ్" అన్నాడు రఘువీర్.

పెళ్లి అయింది. ముప్పైమంది దాకా వచ్చారు. డాక్టరు ఆఫీసు వాళ్లు, జూ వాలంటీర్లు, నోవైలో ఏళ్లుగా తెలిసిన నాలుగైదు తెలుగు కుటుంబాలు. జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు. తాళి కట్టేటప్పుడు రఘువీర్ చేతికి జడ అడ్డొచ్చి ముడి సరిగా పడలేదు. వెనక నిలబడ్డ సుబ్బులు వంగి జడ పక్కకు తీసి పట్టుకుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు దమయంతి మొదట మర్యాదగా రెండు గింజలు వేసింది. రఘువీర్ దోసెడు పోశాడు. రెండోసారి ఆమె పళ్లెమే ఎత్తింది. అందరూ నవ్వారు. దేదీప్య, మేగన్ కలిసి నేలంతా ఊడ్చారు. ఆ తర్వాత అరుగు మీద హోమం. ఆర్పే సిలిండర్ పట్టుకున్న జూ మనిషి మంట దగ్గర చేతులు కాచుకుంటూ నిలబడ్డాడు.

జూ గేట్లు తెరవడానికి ఇంకా కాస్త సమయం ఉంది. మేగన్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చి, కావాలంటే అందరూ జిరాఫీల ఇంట్లోకే వెళ్లవచ్చంది. ఫ్లాష్ కూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఒక్కటే షరతు, పూలదండలు బయట పెట్టి రావాలి. దండలు చూస్తే అవి తినడానికి మెడ చాస్తాయి.

దండలెవరు పట్టుకోవాలన్నది ప్రశ్న. కోటేశ్వరరావు రెండు చేతులూ చాచాడు. "నాకు ఆ వాసన పడదు. మీరు వెళ్లండి" అని రెండు దండలూ ముంజేతుల మీద వేయించుకుని గుమ్మం బయట నిలబడిపోయాడు.

లోపల వెచ్చగా ఉంది. ఎండుగడ్డి వాసన. ఎత్తయిన కప్పు దగ్గరి కిటికీల్లోంచి వెలుతురు మెత్తగా దిగుతోంది. పట్టుచీరలన్నీ కటకటాల ముందు వరసకట్టాయి. జితేందర్ గుసగుసలాడుతున్నట్టు మాట్లాడుతూ అందరినీ సర్దాడు. సుబ్బులు దగ్గరికొచ్చి ఆగాడు.

"ఆంటీ, మీరు అబ్బాయి సైడా, అమ్మాయి సైడా?"

సుబ్బులు ఒక క్షణం దమయంతి వంక చూసింది. "అమ్మాయి సైడు" అని వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"రెడీ. అందరూ ఇటు చూడండి" అన్నాడు జితేందర్.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక జిరాఫీ కటకటాల మీదుగా తల కిందికి దించింది. అంత పెద్ద తల, అంత పొడవు కనురెప్పల వెంట్రుకలు, మనిషి తలకు చేరువగా. దాని ఊపిరి వెచ్చగా సుబ్బులు మెడకు తగిలింది. ఆమె చప్పున వెనక్కి తిరిగి పైకి చూసింది. జిరాఫీ నల్లటి నాలుక చాచి, గాల్లో ఏదో వెతికి, మళ్లీ లోపలికి తీసుకుంది. "ఓరి నాయనో" అంది సుబ్బులు చిన్నగా, చిన్నపిల్ల గొంతుతో. అందరూ పైకి చూశారు. జితేందర్ ఆగకుండా నొక్కాడు.

తర్వాత తెర చూసుకుని పెదవి విరిచాడు. "ఒక్కరు కూడా కెమెరా చూడలేదు. ఇంకొకటి తీద్దాం." ఇంకో పది తీశాడు. వాటిలో అందరూ చక్కగా కెమెరాను చూశారు.

మూడు వారాల తర్వాత ఫొటోల లింకు వచ్చింది. దమయంతి, రఘువీర్ భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చూశారు. వీడియో కాల్‌లో దేదీప్య కూడా ఉంది. దమయంతి చాలా వేగంగా జరిపేస్తూ, ఒక ఫొటో దగ్గర ఆగింది. జిరాఫీల ఇల్లు. అందరి తలలూ పైకి ఉన్నాయి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. రఘువీర్ అందులో ఎనిమిదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. సుబ్బులు రెండు చేతులతో దమయంతి భుజం పట్టుకుని ఉంది. దమయంతి నవ్వుతోంది. ఎవరు చూస్తున్నారో చూసుకోవడం లేదు.

"జితేందర్ అది డిలీట్ చేస్తానన్నాడు, నేనే ఉంచమన్నాను" అంది దేదీప్య. "ఫ్రేమ్‌కి తాళి కట్టేది తీసుకుందామా?"

"ఇదే తీసుకో" అంది దమయంతి.

ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అడగకుండా ఆ ఫొటోను నోవై ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద "మా పెళ్లి" అని రాసింది. ఇద్దరు ముగ్గురు ఏమీ అనలేదు. మిగతావాళ్లంతా పూలు, దీవెనలు పంపారు. ఒకావిడ ఆ హాలు అద్దె గురించి అడిగింది, తన కొడుకు పెళ్లికట. ఆ తర్వాత అదే ఫొటో పిస్కాటవేకి కూడా పంపింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"నా నోరు అంత తెరుచుకుని ఉంటే పంపుతావేమే? ఇంకోటి దొరకలేదా?" అంది సుబ్బులు.

"నాకదే నచ్చింది వదినా."

"నచ్చుతుంది, నీ మొహం బాగుంది కాబట్టి." మళ్లీ తనే అందుకుంది, "మీ అన్నయ్యగారు ఇందులో లేరు. దండలు మోసి మోసి చేతులు నొప్పెట్టాయని ఇప్పటికీ అంటున్నారు. ఆయన ఉన్నదేమన్నా ఉంటే పంపు. ఇదిగో, థ్యాంక్స్‌గివింగ్‌కి ఎలాగూ సెలవులే కదా, ఇక్కడికి రండి మీరిద్దరూ. దేదీప్య కూడా పక్కనే కదా. ఆయన్ని అడిగి చెప్పు."

దమయంతి ఫోన్ చెవి దగ్గర్నుంచి కాస్త జరిపి వంటింటి వైపు తిరిగింది. రఘువీర్ చింతపండు పిసుకుతున్నాడు.

"వదిన థ్యాంక్స్‌గివింగ్‌కి రమ్మంటోంది. వెళదామా?"

"పోదాం. కారులనే పోదాం" అన్నాడాయన. "పప్పుచారు నేను పెడత అని చెప్పు."

దమయంతి ఆ మాట చెప్పింది. పిస్కాటవేలో సుబ్బులు, ఎంతమందికి పెట్టగలడో కనుక్కోమంది.